పెంచుకోని పిల్లి

మధ్యాహ్నపు ఎండ తెరల్లోంచి వార్డులోకి మెత్తగా జారుతోంది. రెండు నెలల జ్వరంలో టైలరమ్మకు మంచం నీళ్ల మీద తేలుతున్నట్టుంది. ల్యాబ్ డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"మీ గుండె కవాటాన్ని ఏదో క్రిమి తినేస్తోంది పిన్నిగారూ. మూడుసార్లు మీ రక్తం సీసాల్లో పెట్టి చూశాం, ఏ క్రిమీ పెరగలేదు. అదేంటో తెలిస్తేనే సరైన మందు. పిల్లిని పెంచుతున్నారా?"

"లేదని ఫారంలో రాశాగా."

"మరి చేతి మీద ఆ గోళ్ల గీతలు?"

"అదా? ఆ పిల్లి మాది కాదమ్మా. నా గుడ్డపీలికల బుట్టలో పిల్లల్ని పెట్టింది, అంతే. ఒళ్లంతా పేలు, పాపం."

డాక్టరమ్మ నవ్వాపుకుంది.

"పిల్లుల నుంచి వచ్చే క్రిమి ఒకటి మా సీసాల్లో ఓ పట్టాన పెరగదు. దాని జాడ వేరే రక్తపరీక్షలో వెతకాలి."

"దొరికితే పిల్లిని తరిమేస్తారా?"

"మీకు మందిస్తాం. దానికి పేలమందు."

టైలరమ్మ చెయ్యి చాపింది.

"తీసుకో తల్లీ, ఎంత రక్తం కావాలో."