కోటు జేబులో తామరపువ్వు

ఇదిగో బావా, మళ్లీ తామరపువ్వే వచ్చింది. నవ్వకు. నీకేం, నీ కోటు నాకు తొడిగి చేతులు దులుపుకున్నావు. పై జేబులో ఈ పట్టు రుమాలు అంచు కాస్త కనబడేట్టు పెట్టుకో, దర్జాగా ఉంటుందని ఒక్క మాట అనేసి కుర్చీలో కూలబడ్డావు. పెట్టుకోవాల్సింది నేను కదా.

మడత పెట్టడం రాక కాదయ్యా. నాకు వచ్చిందే అది. హోటల్లో విందులకి టేబుళ్ల మీద నాప్‌కిన్లు మడిచి మడిచి అరిగిపోయిన వేళ్లివి. తామర, విసనకర్ర, నిలబడే టోపీ, కళ్లు మూసుకుని చేసేస్తాను. ఇప్పుడదే ప్రాణం మీదికొచ్చింది. మామూలుగా నాలుగు మడతలు వేద్దామని మొదలెడతానా, వేళ్లు వాటి దారిన అవి పోతాయి. చూడు, గ్లాసులో పెట్టినట్టు ఎలా నిక్కిందో. చూసినవాడెవడైనా ఇట్టే చెప్పేస్తాడు, వీడు వెయిటరని.

ఏంటీ, మానెయ్యమంటావా? ఎలా మానను? కోటు రంగు కనుక్కుని మరీ కొని పంపింది అమ్మాయి. అది చేసుకుంటానంటున్న ఆ అబ్బాయి వాళ్ల నాన్న పెట్టుకుంటారట, నువ్వూ పెట్టుకో నాన్నా అంది. ఈ పూట వాళ్లు మమ్మల్ని మొదటిసారి చూస్తారు. అదీ ఎక్కడ? ఇంకో పెద్ద హోటల్లో, భోజనాల బల్ల దగ్గర.

మా నాన్న హోటల్ మేనేజరని చెప్పుకుంది పిచ్చిది. నోరు జారింది, వెనక్కి తీసుకోలేకపోయింది. వెయిటరు కూతురైతే ఆ పెద్దాయన ఒప్పుకునేవాడేమో. అబద్ధమాడిన పిల్లని ఒప్పుకుంటాడా, నువ్వే చెప్పు. ఆ అబ్బాయంటే దానికి ప్రాణం బావా. ఇది చెడిందంటే అది తట్టుకోలేదు.

వినబడుతోందిలే ఆ హారను. మీ చెల్లెలు టాక్సీలో కూర్చుని నన్ను తిట్టుకుంటూ ఉంటుంది. ఇంకొక్కసారి. ఈ కొస పట్టుకో నువ్వు. అబ్బ, వద్దులే, నీ చేతులకి చెమట.

చూడు, మళ్లీ కింద పడేశాను. నిండు సూపు గిన్నెలు మోసినా చుక్క తొణకనివ్వని చేతులయ్యా ఇవి.

ఈ గోలంతా రుమాలు గురించి కాదులే. నీకు కాక ఎవరికి చెప్పుకోను? మీ చెల్లెలికి చెబితే ఏడుస్తుంది. పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. అదీ ఇదీ చాలాసేపు మాట్లాడింది. పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "నాన్నా, అక్కడ ఎవరి గ్లాసైనా ఖాళీ అయితే నువ్వు లేవకు" అంది.

అలా చూడకు, నాకు కోపం రాలేదు. సరేనమ్మా అన్నాను.

కానీ లేస్తాను బావా. నా సంగతి నాకు తెలుసు, లేస్తాను.