స్టేడియం గేటు దగ్గర సంతకాలు

అమెరికాలోని ఒహాయోలో ఆదివారం ఫుట్‌బాల్ ఆటకు ముందు, స్టేడియం గేటు ఎదుట ఒకామె తన బండి మీద సాసేజ్‌లు కాలుస్తోంది. ఆట చూడడానికి శివారు నుంచి వచ్చిన తమ్ముడు, జట్టు చొక్కా వేసుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.

“అక్కా, కొత్త స్టేడియానికి పన్ను వద్దంటూ సంతకాలు పెట్టిస్తోంది నువ్వా?”

“నేనే. చాటుగా ఏం చేయట్లేదుగా.”

“నగరం డబ్బివ్వకపోతే జట్టుని మా శివారుకి తీసుకుపోతానంటున్నాడు యజమాని. అప్పుడు నీ సాసేజ్‌లు ఎవరు తింటారు? పావురాలా?”

“నాకూ భయమేరా. ఈ బండి మీదే పిల్లల్ని పెంచాను. కానీ మా పేటలో ఈతకొలను మూసేశారు. అడిగితే డబ్బుల్లేవన్నారు. ఆయనకివ్వడానికి ఎక్కణ్ణుంచి వచ్చాయి?”

“ఏ కొలను? నువ్వు నాకు ఈత నేర్పిందేనా?”

“అదే. ఇప్పుడు దాన్నిండా చెత్త. నీకెలా తెలుస్తుందిలే, ఆట అవగానే హైవే ఎక్కేస్తావు. పన్ను మేం కట్టాలి, కేకలు మీరు వేయాలి.”

“సరే, ఆ కాగితం ఇలా ఇవ్వు. నేనూ పెడతా.”

“నీది చెల్లదు. నగరంలో ఉండేవాళ్ళే పెట్టాలి.”

అతను చొక్కా చేతులు పైకి మడిచి, ఆమె చేతిలోని పట్టకారు లాక్కున్నాడు.

“ఏంట్రా ఇది? ఆట మొదలవుతుంది, లోపలికి పో.”

“గేటు దగ్గర అంతమంది ఉంటే నువ్విక్కడ పొయ్యి ముందు నిలబడితే ఎలా? వెళ్ళు. ఇవి నేను చూసుకుంటా.”

“మాడ్చకు. ఉల్లిపాయలు అడక్కుండానే వెయ్యి,” అంటూ ఆమె కాగితాలు తీసుకుని జనంలోకి నడిచింది.