ముక్తేశ్వరరావు వదిలేసిన బంతి

ఏరా దుర్గాసాయీ, మొహం అలా వేలాడేశావేంటి? రా, కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతోంది, ఇలా మంచం మీద కూర్చో. మీ అమ్మ చెప్పిందిలే, ఆ పూల్ ఆటలో ఓడిపోయి వచ్చావంట కదా. ఏంటీ? నువ్వు ఏడు గేములు గెలవాలి, అవతలివాడు నాలుగు గెలిస్తే చాలా? ఓహో. ఇంకా అదే పద్ధతి నడుస్తోందన్నమాట. హ్యాండిక్యాప్ అంటారు దాన్ని, నాకు తెలీదనుకోకు. ఈ తాతయ్యకి పింఛనూ బీపీ మాత్రలూ తప్ప ఏం తెలుసులే అనుకుంటావు నువ్వు. నేను ఆ బల్ల పక్కన కొన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి రా. ఆడడానికి కాదు, నాకు స్టిక్కు పట్టుకోవడం కూడా రాదు. ముక్తేశ్వరరావు కోసం. మీ అమ్మకి తెలుసు వాణ్ణి, నువ్వప్పటికి పాకుతున్నావు. ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో నా పక్క సీటు వాడిది. కోనసీమ మనిషి, వాళ్ళ నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. వీడు మటుకు చిన్నప్పట్నించీ క్యారమ్స్ పిచ్చోడు. ఆఫీసులో మధ్యాహ్నం బోర్డు వేస్తే సూపరింటెండెంటు దగ్గర్నించీ అందరూ వీడి పక్కనే జోడీ అడిగేవారు. నెమ్మదైన మనిషి. నవ్వితే ఒక పక్కే నవ్వేవాడు. ఇస్త్రీ చొక్కా మటుకు ఉండాల్సిందే, ఎంత ఎండలోనైనా సరే.

అప్పట్లో రొయ్యల చెరువులు వచ్చాయి కదా. ఊళ్ళకి ఊళ్ళు వరిచేలు తవ్వేశారు. ఆ చెరువుల తాలూకు కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళేసుకుని రాజమండ్రి వచ్చేవారు, సాయంత్రం అయితే ఏం చెయ్యాలో తోచేది కాదు వాళ్ళకి. అది చూసి బుల్లిరాజు గారని ఒకాయన, కంబాలచెరువు దగ్గర మేడమీద, పూల్ పార్లరు పెట్టాడు. ఏసీ, అద్దాల తలుపు, బల్లల మీద పచ్చ గుడ్డ, అంచుల్లో బంతులు పడే పాకెట్లు. బుల్లిరాజు గారి గురించి ఒక్క మాట చెప్పాలి నీకు. ఆ మనిషి జీవితంలో ఎవర్నీ కసురుకుని ఎరగడు. 'ఆయ్, రండి బాబుగారూ, మంచినీళ్ళు తీసుకోండి బాబుగారూ.' మన జిల్లాల్లో అంతే, గొంతు కోసేవాడు కూడా 'కొంచెం తల ఎత్తండి' అని కోస్తాడు. నాకు ఆ మర్యాద అంటే ఒళ్ళు మండిపోతుంది ఇప్పటికీ. నవ్వకు. నీకు నలభై దాటాక తెలుస్తుంది, తిట్టేవాడు నయం.

సరే. మొదటి ఏడాది టోర్నమెంటు పెట్టారు, తొంభై ఏడులో. అందరికీ సమానమే, ఏడు గేములు ఎవరు ముందు గెలిస్తే వాళ్ళది. మన ముక్తేశ్వరరావూ చేరాడు. క్యారమ్స్ చెయ్యి కదా వీడిది, చుట్టూ తిరిగి ఒక్కసారి చూసేవాడు, వంగేవాడు, అయిపోయేది. కప్పు కొట్టేశాడు. ఫైనల్లో ఓడింది విష్ణు అని ఒక రొయ్యల చెరువులాయన కొడుకు. కుర్రాడు మంచి ఆటగాడే, కాదనను. కానీ ఓడిపోతే ఇంటికెళ్ళి పడుకునే రకం, నీలాగే. ఏంటి, కోపం వచ్చిందా? రానీ. ఆ విష్ణు నాలుగు రోజులు పార్లరుకి రాలేదు. వాడు రాకపోతే వాడి వెంట తిరిగే పదిమందీ రారు. బుల్లిరాజు గారు కంగారు పడిపోయాడు. ఆ మరుసటేడే కౌంటర్లో కూర్చుని ఈ హ్యాండిక్యాప్ కనిపెట్టాడు. కనిపెట్టాడంటే, ఎక్కడో ఉన్నదే, మనకి తెచ్చాడు. ముక్తేశ్వరరావు ఏడు గెలవాలి, విష్ణు నాలుగు గెలిస్తే చాలు. మిగతా వాళ్ళకి వాళ్ళ వాళ్ళ లెక్క. మావాడు వెళ్ళి అడిగాడు, అదేంటండీ, ఆ కుర్రాడు బాగానే ఆడతాడు కదా అని. బుల్లిరాజు గారు లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. 'మీరు పెద్ద ఆటగాళ్ళండి. మీకిది గౌరవం అండి. పిల్లలకి ఆ మాత్రం ఇవ్వలేరా తమరు?' గౌరవం వద్దంటే మనిషివి కావు. మావాడు ఆ పక్క నవ్వు నవ్వి వచ్చేశాడు.

ఒక తమాషా చెప్పనా. ఆ ఏడు సిటీ కేబుల్లో కింద అక్షరాలు నడుస్తాయి చూడు, అందులో ఎవడో 'వికలాంగుల పూల్ పోటీలు, ముక్తేశ్వరరావు సెమీఫైనల్లో విజయం' అని వేశాడు. హ్యాండిక్యాప్ అంటే వాడికి తెలిసిన అర్థం అదే మరి. అది ఎవరో చూసి అమలాపురంలో మావాడి అత్తగారికి ఫోన్ చేసి చెప్పారు. పాపం ఆవిడ పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది, అల్లుడికి కాలో చెయ్యో పోయిందని. వాడి భార్య హైమవతి, ఆవిడ నవ్వలేక ఏడవలేక, 'అమ్మా, ఆయన నిక్షేపంలా ఉన్నారే, బజారుకెళ్ళారు' అంటే నమ్మదే ముసలావిడ. వాడొచ్చాక కాళ్ళు చూసింది, చేతులు చూసింది, అప్పుడు కాఫీ తాగింది. చాలా రోజులు నవ్వుకున్నాం ఆఫీసులో.

ఫైనల్లో ఏమైందనుకున్నావు. మావాడు ఆరు గెలిచాడు, విష్ణు నాలుగు గెలిచాడు. కప్పు విష్ణుది. ఆరు గెలిచినవాడు ఓడాడు, నాలుగు గెలిచినవాడు గెలిచాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు లేచి ఆ బల్ల తలకిందులు చెయ్యాలనిపించింది. వీడు చెయ్యి కలిపి, కుర్రాడి భుజం తట్టి, స్కూటర్ స్టార్ట్ చేశాడు. దారిలో ఒక్క ముక్క అన్నాడు. 'కప్పు పోతే పోనీరా. వాడితో ఒక్క ఫైనలు సమానంగా ఆడనిస్తే చాలు. ఆ తర్వాత మళ్ళీ స్టిక్కు ముట్టుకోమన్నా ముట్టుకోను.' అదే వాడి కోరిక. నువ్వు నవ్వుకో, వాడికి మటుకు అదే కావాలి. రెండేళ్ళు అడిగాడు. అడిగినప్పుడల్లా గౌరవం పెరిగింది, ఏడు కాస్తా ఎనిమిదయింది. ఆఖరికి ఒకరోజు బుల్లిరాజు గారే ఉపాయం చెప్పాడు, చాలా ప్రేమగా చెప్పాడు. 'తమరు ఓడుతుంటే కదండీ తగ్గించేది. రోజూ గెలుస్తుంటే నేనెలా తగ్గిస్తానండి, కుర్రాళ్ళు ఒప్పుకోవద్దా? ఒక ఏడాది ఆట తగ్గినట్టు కనిపిస్తే, వచ్చే ఏడు అందరితో సమానంగా వేసేస్తానండి. నా పూచీ.'

వీడు ఆ మాట పట్టుకున్నాడు. మరి వేరే దారి ఏదీ? ఉత్తినే ఓడితే తెలిసిపోతుంది కదా, ఆ కుర్రాళ్ళు గుడ్డివాళ్ళు కాదు. బాగా ఆడుతూ ఓడాలి. దానికి సాధన మొదలెట్టాడు. వింటున్నావా? ఓడడానికి సాధన. బంతి పాకెట్ నోటిదాకా వెళ్ళాలి, అటూ ఇటూ పెదాలకి తగలాలి, బయటికొచ్చెయ్యాలి. చూసినవాడు 'అయ్యో, వెంట్రుకవాసిలో పోయింది' అనాలి. వెయ్యడం కన్నా అదే కష్టం రా, అడుగు కావాలంటే నీ కోచింగు వాణ్ణి. వీడికి రెండు నెలల్లో వచ్చేసింది. ఏ బంతినైనా అలా నోటి దగ్గర్నించి వెనక్కి రప్పించేవాడు. మొదట్లో నాకు సరదాగానే ఉండేది. బంతి బయటికి రాగానే తల పట్టుకునేవాడు, నావైపు చూసి కన్ను కొట్టేవాడు. తర్వాత్తర్వాత కన్ను కొట్టడం మానేశాడు. కుర్రాళ్ళు లోకువ కట్టారు. ఇదివరకు లేచి బల్ల ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు 'మాస్టారూ, కొంచెం జరగండి, చూపు ఆనట్లేదేమో కళ్ళజోడు మార్పించండి' అనేవారు. వీడు నవ్వేవాడు. ఇంటికెళ్తే చిన్నపిల్ల మధులత గుమ్మంలో ఎదురొచ్చి 'నాన్నా గెలిచావా?' అనేది. 'లేదమ్మా, ఇవాళ బాగా ఓడాను' అనేవాడు సంతోషంగా. హైమవతి నన్ను పక్కకి పిలిచి అడిగింది ఒకసారి, 'అన్నయ్యగారూ, ఈయన ఓడి వస్తే స్వీట్లు తెస్తున్నారేంటండీ?' అని. ఏం చెప్పమంటావు నన్ను? చెప్పాను ఉన్నది ఉన్నట్టు. 'ఇదేం ఆటండీ' అంది ఆవిడ.

బుల్లిరాజు గారు మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. రెండువేల ఒకటిలో టోర్నమెంటు పెట్టినప్పుడు వీడికి సమానంగా వేశాడు. వీడు మొదటి ఆటలు మామూలుగానే గెలిచాడు. చెయ్యి కొంచెం బరువుగా ఉందన్నాడు, అంతే. ఆదివారం మధ్యాహ్నం ఫైనలు. విష్ణూ వీడూ. వాడు కోరుకున్నట్టే, ఏడుకి ఏడు. మేడమీద కాలు పెట్టడానికి చోటు లేదు, కేబుల్ వాడు కెమెరా పెట్టాడు. నేను ఎప్పటిలా వీడి కుడిచేతి పక్కన బల్లకి ఆనుకుని స్టూలు మీద. ఆరూ ఆరూ అయ్యాయి. ఆఖరి గేము. ఇద్దరి బంతులూ అయిపోయాయి, నల్లబంతి ఒక్కటే ఉంది. అది వేస్తే కప్పు. ఎక్కడుందనుకున్నావు? పాకెట్‌కి ఎదురుగా, తిన్నగా. మీ అమ్మ కూడా వేస్తుంది రా దాన్ని. విష్ణు స్టిక్కు గోడకి ఆనించేశాడు, ఇంక ఆట అయిపోయిందని. వీడు వంగాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. కొట్టాడు. బంతి వెళ్ళింది, నోటిదాకా వెళ్ళింది, అటు తగిలింది, ఇటు తగిలింది, బయటికొచ్చింది.

వీడు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. విష్ణు వచ్చి నల్లబంతి వేసేశాడు. అప్పుడేమైందో తెలుసా? బుల్లిరాజు గారు మైకు తీసుకున్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, నటన కాదు. 'చూశారా అండి, పెద్దమనసంటే ఇదండి. గెలిచిన కప్పుని ముక్తేశ్వరరావు గారు పిల్లాడికి వదిలేశారండి.' ఇంక చూడు చప్పట్లు. ఈలలు. విష్ణు వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. వీడు మైకు దగ్గరికెళ్ళి, 'లేదండి, నేను వదల్లేదండి. నిజంగా తప్పిపోయిందండి' అన్నాడు. అంటే చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. ఎంత కాదంటే అంత గొప్పవాడయిపోతున్నాడు. శాలువా కప్పారు. ఇంటికి తీసుకెళ్తే అప్పటికే కేబుల్లో చూసేశారు. హైమవతి గుమ్మంలో నిలబడి ఉంది, కళ్ళనిండా నీళ్ళు. 'మంచిపని చేశారండి. నాకు చాలా గర్వంగా ఉందండి' అంది. ఆవిడ ఒక్కతయినా 'అయ్యో, పోయిందా' అంటుందనుకున్నాడు వాడు. వాడి మొహం నేను చూశాను కదా. ఆ శాలువా తీసి కుర్చీ మీద వేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆఫీసులో అందరూ చేతులు కలపడమే. 'తప్పిపోయిందండి' అనేవాడు. 'మీరలాగే అంటారు లెండి' అనేవారు. కొన్నాళ్ళకి అనడం మానేశాడు. పొద్దున్నపూట, పార్లరు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి, అదే చోట నల్లబంతి పెట్టుకుని కొట్టేవాడు. ఒకసారి పడేది, ఒకసారి వెనక్కొచ్చేది. 'ఏది నేను కొడుతున్నానో, ఏది అది కొడుతోందో తెలీట్లేదురా' అనేవాడు చెయ్యి చూపించి. అక్కడితో ఆగితే బాగుండును. ఆఫీసులో కూడికలు తప్పడం మొదలెట్టాడు. అదివరకు వాడి కాగితం ఎవరూ సరిచూసేవారే కాదు. తప్పు చూపిస్తే నావైపు చూసేవాడు, ఇది పొరపాటా, నేనే చేశానా అన్నట్టు. స్కూటర్ అమ్మేశాడు. పిల్లని వెనకాల ఎక్కించుకోవడానికి భయం వేస్తోందన్నాడు, ఎదురుగా లారీ వస్తే ఈ చెయ్యి ఏం చేస్తుందో తెలీదంట. హైమవతి డాక్టరుకి చూపించింది. నరాలు బాగానే ఉన్నాయన్నారు. బాగానే ఉన్నాయి మరి, అదేగా బాధ. చక్కటి మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరిగే మనిషి, రెండేళ్ళలో ఎవరితోనూ చెయ్యి కలపకుండా జేబులో పెట్టుకుని తిరిగే స్థితికి వచ్చాడు. ఏం నేరం చేశాడు రా? సమానంగా ఆడనివ్వండి అన్నాడు.

తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. దానికీ దీనికీ సంబంధం లేదులే, ఎప్పట్నించో ఉందంట. కాకినాడ తీసుకెళ్ళాం. ఆఖరి వారం నేను పక్కనే ఉన్నాను. ఒక సాయంత్రం హైమవతి కాఫీకి కిందికెళ్ళింది. వాడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. 'ఒరేయ్, నువ్వు నా కుడిచేతి పక్కన కూర్చున్నావు. నీకు కనిపించి ఉంటుంది. నిజం చెప్పు. వదిలేశానా, తప్పిపోయిందా?' అన్నాడు. నేను చూసింది చెయ్యే. చెయ్యి చూస్తే మనిషి కనిపిస్తాడా? 'తప్పిపోయిందిరా. ఎవరికైనా తప్పుతుంది' అన్నాను. వాడు ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట అదే కదా అని. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపట్టిందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అన్నాడు, 'అలాంటి బంతి నాకు తప్పదురా.'

...

గేటు చప్పుడైనట్టుంది. పాలవాడేమో చూడు. ఇవాళ అరలీటరు ఎక్కువ పొయ్యమను.