అయ్య ఒప్పుకోవాలిగా

మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఇనుప గేటు. అందులో చెయ్యి పట్టేంత చిన్న కిటికీ. లోపల ‘అయ్య’ అనే గురువుని నమ్మి అక్కడే కాపురముంటున్న జనం, వాళ్ళలో అక్క. బయట తమ్ముడు. అతని వెనక పోలీసులు, ఒక ప్రభుత్వ ఆఫీసరు, వరసగా నిలబెట్టిన ఖాళీ బస్సులు.

“అది కాదక్కా, నేను చెప్పేది పూర్తిగా విను.”

“విన్నాను. మొన్న మైకులో విన్నాను, నిన్న మైకులో విన్నాను. ఇల్లు ఖాళీ చెయ్యాలి, పిల్లల్ని అప్పగించాలి, మీ మతం చెల్లదు. మీ ఆఫీసరు ప్రసంగం నాకు కంఠతా వచ్చేసింది. ఇప్పుడు నీ గొంతుతో కూడా వినాలా?”

“నన్నెవరూ పంపలేదు. నేనే వచ్చాను.”

“యూనిఫారంలో వచ్చావేం?”

“డ్యూటీలో ఉన్నాను.”

“ఏం డ్యూటీ?”

“ముందు నీళ్ళు తాగు. బాటిల్ తెచ్చాను, ఇదిగో, కిటికీలోంచి అందుకో.”

“ఏం డ్యూటీ అని అడిగాను.”

“బస్సు. ఇంకేముంటుంది నాకు?”

“ఆ చివరిదా? కిటికీలకి జాలీ కొట్టారు, అదేనా?”

“అదే. ఏం చెయ్యమంటావ్? డిపోలో నలుగురు డ్రైవర్లని పిలిచారు, అందులో నేనొకణ్ణి. మా అక్క లోపలుంది సార్, నా వల్ల కాదు సార్ అన్నాను. అయితే నువ్వే వెళ్ళి మాట్లాడు, నీ మాట వింటుంది అన్నారు.”

“ఇప్పుడే కదా ఎవరూ పంపలేదన్నావు!”

“అక్కా...”

“చిన్నప్పుడూ ఇంతే. ఒక అబద్ధం చెప్పి రెండు నిమిషాలు నిలబెట్టుకోలేవు.”

“తాగక్కా. పెదాలు పగిలిపోయాయి నీకు.”

“నీళ్ళ పైపు కోసిందీ మీరే, బాటిల్ తెచ్చేదీ మీరే. ఇంతమందిమి లోపల నాలిక పిడచకట్టుకుని ఉంటే నేనొక్కదాన్నీ గటగటా తాగనా? ఇటివ్వు. పిల్లలకిస్తాను.”

“నువ్వు కూడా ఒక్క గుక్క...”

“ఇటివ్వమన్నానా!”

“పిల్లలెలా ఉన్నారు?”

“పిల్లల్లాగే ఉన్నారు. ఆడుకుంటున్నారు.”

“దగ్గు వినిపిస్తోంది.”

“పాత బిల్డింగు. గోడలు చెమ్మ. అంతే.”

“జ్వరాలున్నాయా?”

“పక్కన అందరం కూర్చుంటాం. తగ్గుతుంది.”

“కూర్చుంటే ఎలా తగ్గుతుందక్కా? మందు వేస్తే తగ్గుతుంది.”

“ఏమన్నావ్? మందు వేస్తే తగ్గుతుందా? నా ముందర ఆ మాట అనకు. మంచం లేదని నా చంటోణ్ణి ఆస్పత్రి వరండాలో నేలమీద పడుకోబెట్టారు. ఎన్ని సూదులు పొడిచారు! సెలైను సీసా నువ్వే పట్టుకుని నిలబడ్డావు.”

“నిలబడ్డాను.”

“తగ్గిందా?”

“అక్కా, అది వేరు...”

“తగ్గిందా అని అడుగుతున్నాను.”

“తగ్గలేదు.”

“ఏమయ్యా డ్రైవరూ, ఎంతసేపు?”

“ఒక్క నిమిషం సార్.”

“ఎవరది, ఆఫీసరేనా? ఇటు రమ్మను ఆయన్ని. సార్, బంతి గేటు దాటిందని నా కూతురు పరిగెత్తింది. చేతిలో బంతితోనే వ్యాను ఎక్కించేశారు. అదేం చట్టం సార్?”

“చూడమ్మా, మీరు పిల్లల్ని స్కూలుకి పంపరు. టీకాలు వేయించరు. వాళ్ళు పుట్టినట్టు ఎక్కడా నమోదు లేదు. ఊరుకోమంటారా? మొన్నామధ్య మీ ఇంట్లో ఒక పిల్లాడు పోతే ఎవరికీ చెప్పకుండా గోడ పక్కన పూడ్చేశారు. అదేం మతమమ్మా?”

“ఆ పిల్లాడి చుట్టూ అందరం కూర్చున్నాం. వాడు ఒంటరిగా పోలేదు.”

“పోయాడు కదమ్మా.”

“సార్, సార్... మీరు కాస్త పక్కకి జరగండి సార్. నేను మాట్లాడతాను. దండం పెడతాను.”

“త్వరగా కానియ్. పొద్దువాలితే ఇది నా చేతుల్లో ఉండదు. పైవాళ్ళ ఆర్డరు.”

“వెళ్ళాడా?”

“వెళ్ళాడు.”

“నా పిల్లని, పిచ్చుకని చూశావా?”

“చూశాను.”

“ఎక్కడ?”

“పిల్లల హోంలో. కొత్త బిల్డింగక్కా. మంచాలున్నాయి, ఫ్యాన్లున్నాయి. కొత్త గౌను వేశారు.”

“అన్నం తింటోందా?”

“ఎందుకు తినదు? నేను చూస్తుండగానే తింది.”

“ఏ చేత్తో?”

“అదేం ప్రశ్న?”

“ఏ చేత్తో తిందిరా?”

“కుడిచేత్తో. ఇంకే చేత్తో తింటారు?”

“దాని కుడిచెయ్యి వ్యాను తలుపులో పడి నలిగింది. ఈ కిటికీలోంచే చూశాను. అది పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.”

“అయితే ఎడంచేత్తోనేమో, సరిగ్గా గుర్తులేదు.”

“నువ్వు చూడలేదు.”

“చూడనివ్వలేదక్కా. పోయినప్పుడల్లా వాచ్‌మన్ ఆపేశాడు. మేనమామనయ్యా అంటే, మీ అక్క ఆ మనుషుల్లో ఉందిగా, నువ్వూ అదే బాపతేమో ఎవరికి తెలుసు అన్నాడు. అక్కడో గేటు, ఇక్కడో గేటు. నా బతుకు గేట్ల ముందరే తెల్లారేట్టుంది.”

“ఏడవకు. పోలీసులు చూస్తున్నారు.”

“చూడనీ! చేతికి కట్టు కట్టారో లేదో కూడా నాకు తెలీదు. ఎవర్నడిగినా నోరు విప్పరు. అక్కా, ఒక్క మాట. ఇది మాత్రం అబద్ధం కాదు, ఒట్టు. పెద్దాయన ఒక్కడు బయటికొస్తే చాలన్నారు. కేసు ఆయన ఒక్కడి మీదే. మీ ఎవరి మీదా చెయ్యి వెయ్యరు. పిచ్చుకని నీకిచ్చేస్తారు, మిగతా పిల్లల్ని తల్లుల దగ్గరే ఉండనిస్తారు. ఆఫీసరు పత్రికలవాళ్ళ ముందర అన్నాడు, ఇంక మాట తప్పలేడు.”

“అయ్య ఒప్పుకోవాలిగా.”

“ఒప్పించు.”

“ఒప్పించడానికి నేనెవర్ని?”

“నువ్వు వడ్డిస్తేగానీ ముద్ద ముట్టడట కదా. ఊరంతా అంటోంది.”

“ఊరికేం, ఊరు ఎన్నయినా అంటుంది.”

“పోనీ ఇటు పిలువు. నేనే కాళ్ళు పట్టుకుంటాను.”

“రాలేడు.”

“రాలేడా, రాడా?”

“ధ్యానంలో ఉన్నాడు.”

“ఎన్నాళ్ళ ధ్యానం? మొన్నటిదాకా డాబా ఎక్కి చేతులూపేవాడు. వ్యాను వచ్చి పోయినప్పట్నించీ అజా పజా లేదు.”

“ఒంట్లో బాగాలేదు.”

“ధ్యానమా, ఒంట్లో బాగాలేదా?”

“రెండూ.”

“నాకు అబద్ధం చేతకాదన్నావు. నీకు మాత్రం వచ్చా?”

“గొంతు తగ్గించు. లోపలివాళ్ళు వింటారు.”

“వినాలి! అందరూ వినాలి! ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముందు నిలబెట్టి వెనక దాక్కున్నవాడు ఎక్కడి గురువు? గట్టిగా గాలొస్తే ఎగిరిపోయే ముసలాడు, నిన్ను ఇలా రాయిని చేశాడు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచావు. నాకు దెబ్బ తగిలితే నువ్వు ఏడ్చేదానివి. ఆ మనిషెక్కడుంది? ఏం చూపించాడు వాడు నీకు? ఏం మందు పెట్టాడు?”

“చంటోడు పోయాక నువ్వేమన్నావ్?”

“ఇప్పుడు అదెందుకు?”

“మర్చిపో అక్కా అన్నావు. మీ బావేమో ఇంకోణ్ణి కందాం అన్నాడు, తర్వాత మనిషే పత్తా లేకుండా పోయాడు. ఆస్పత్రివాళ్ళు త్వరగా తీసెయ్యమ్మా, వేరే పేషెంటు ఉన్నాడన్నారు. అయ్య ఒక్కడే వచ్చి ఆ వరండాలో నా పక్కన కూర్చున్నాడు. నీ కొడుకు ఎక్కడికీ పోలేదు తల్లీ, నాకు వినపడుతున్నాడు, నీళ్ళడుగుతున్నాడు అన్నాడు. వాడు ఆఖర్న అడిగింది నీళ్ళే. ఆయనకెలా తెలిసింది, చెప్పు?”

“పోయేవాళ్ళందరూ అడిగేది నీళ్ళేనక్కా.”

“నోర్ముయ్.”

“ముయ్యను. ఇన్నేళ్ళు మూసుకునే కూర్చున్నాను.”

“రోజూ సాయంత్రం దీపం పెట్టాక చెబుతాడు. ఇవాళ చంటోడు ఏమన్నాడో చెబుతాడు. పాలపళ్ళు ఊడాయట. సైకిలు కావాలని మారాం చేశాడట. ఎదుగుతున్నాడురా వాడు. నువ్వు లాక్కెళ్ళేది ముసలాణ్ణి అనుకుంటున్నావు. ఆయన పోతే రేపు దీపం పెట్టాక నాకెవరు చెబుతారు?”

“బతికున్న పిల్ల ఉంది కదే అక్కా! చెయ్యి నలిగిన పిల్ల! దాని మాటేంటి?”

“అది ఎక్కడున్నా బతికే ఉంటుంది. వాడికి నేను తప్ప ఎవరున్నారు?”

“పిచ్చిదానా... ఇది విను. గేటు పడ్డాక నిన్ను ఎక్కించేది నా బస్సులోనే. జాలీ వెనక నువ్వు, ముందు స్టీరింగు పట్టుకుని నేను. అద్దంలో నీ మొహం చూస్తూ ఎలా నడపమంటావ్? ఎక్కడ దించమంటావ్?”

“అద్దం తిప్పేసుకో.”

“డ్రైవరూ, అయిపోయింది. ఇవతలికి రా. ఒరేయ్, పొక్లెయిను ముందుకి తీసుకురండి. గేటుకి గొలుసు తగిలించండి.”

“సార్, వద్దు సార్! గేటు వెనకాలే పిల్లలున్నారు సార్!”

“వెనక్కి పంపమను.”

“అక్కా, పిల్లల్ని జరుపు! గోడ పాతది, గేటుతో పాటు కూలుతుంది. నా మాట విను. ఒక్కడి పంతానికి ఇంతమంది నలిగిపోవాలా? వెళ్ళి ఆయన్ని ఒక్కసారి అడుగు. నీ పిల్లల్లాంటివాళ్ళు చచ్చిపోతారయ్యా, బయటికి పోతావా పోవా అని అడుగు. ఒక్కసారే అక్కా!”

“అడగక్కర్లేదు.”

“ఎందుకక్కర్లేదు? నోరు లేదా నీకు?”

“వస్తానన్నాడు.”

“ఏంటి?”

“వ్యాను వెళ్ళిపోయిన రోజే అన్నాడు. గేటు తియ్యమ్మా, నేను పోయి లొంగిపోతాను, పిచ్చుకని విడిపిస్తాను అన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకేమీ వినపడదు తల్లీ, ఎప్పుడూ ఏమీ వినపడలేదు, నీ ఏడుపు చూడలేక చెప్పాను అన్నాడు.”

“మరి? మరి ఇంకేంటి? సార్, ఆగండి సార్, వస్తాడట! ఆగండి! అక్కా, వస్తానన్నవాడు ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు? ఎవరాపారు?”

“ధ్యానంలో ఉన్నాడని అందరికీ చెప్పాను. ఆయన్ని సామాన్ల కొట్లో పెట్టి గడియ వేసింది నేనేరా. చంటోడు మళ్ళీ వినపడ్డాడని ఆయన ఒప్పుకునేదాకా తియ్యను.”