ఘటసర్పం ఉన్న వాక్యం

మరియమాత మోక్షారోపణ పండుగనాడు, చర్చిలో పూజకు మొదటి గంట కొట్టాక, ముసలమ్మ తాను అందరి ముందు చదవాల్సిన బైబిలు వాక్యాల పుస్తకాన్ని సిస్టరు చేతిలో పెట్టేసింది.

“నేను చదవను సిస్టరమ్మా. వేరేటోళ్లకు ఇయ్యండి.”

“ఏంది పెద్దమ్మా, కూడబలుక్కుంట ఇన్ని రోజులు నేర్చుకుంటివి! ఇప్పుడు సిగ్గా?”

“సిగ్గు కాదు, భయం. కోడలు భద్రాచలం దవాఖానాల నొప్పులు పడుతున్నది. ఈడ చూడండి, కనబోయే తల్లి ముందట ఘటసర్పం, గా ఏడు తలల పెద్దపాము, నిలబడ్డది, పుట్టంగనే పిల్లోణ్ణి మింగుదామని. గది నా నోటితోటి చదవాల్నా?”

“మింగలేదు కదా! పిల్లోణ్ణి దేవుడు తనకాడికి తీస్కపోయిండు.”

“మా ఊళ్ల పసిపిల్ల సచ్చిపోతే గదే మాట అంటరు.”

సిస్టరు పుస్తకంలో వేలు కిందికి జరిపింది.

“కింద ఇంకో వరుస ఉన్నది పెద్దమ్మా. తల్లి అడవిలకు పోయింది. దేవుడు ఆడ ఆమెకు జాగా చేసి పెట్టిండు.”

రెండో గంట మోగింది. ముసలమ్మ పుస్తకం తీసుకుని, తన ఫోన్ సిస్టరుకు ఇచ్చింది.

“మోగితే ఎత్తకండి. నేను అడవి దాకా చదివినాకనే ఎత్తండి.”