కట్టేసిన పడవ

మాదాపూర్ అద్దాల మేడల వెనక చెరువు. ఒడ్డున రాతి గూటాలకు తాళ్లతో కట్టేసిన మోటారు పడవ. మధ్యాహ్నం రెండు గంటలు. పడవలో ముగ్గురు: మెకానిక్ మొగిలి, ఆ పడవ నడిపిన సాల్మన్, విచారణకు వచ్చిన ఇంజనీరు కృష్ణప్రియ.

"ఇంజన్ పెట్టి ఇరవై నిమిషాలాయె మేడం. వేడి జూపే ముల్లు కదిలిందా? జూడుండ్రి. అరవై డిగ్రీల కాడ్నే నిలవడ్డది. వీడేమో ఆ దినం ఇంజన్ కాగి ఆగిపోయిందన్నడు. ఏది, కాగమనుండ్రి ఇప్పుడు."

"బాబాయ్, పడవ కదలకుండా గుడగుడమంటున్నప్పుడు ఎందుకు కాగుతుంది? ఆ రోజు నేను..."

"బాబాయ్ గీబాయ్ అనకు. నీకు నాకు ఏం చుట్టరికం లేదు."

"సరే. మొగిలి గారూ. ఆ రోజు నేను..."

"ఇద్దరూ ఆగండి. ముందు కాగితం మీద ఉన్నది సరిగ్గా ఉందో లేదో చెప్పండి. సాల్మన్, ఆగస్టు పధ్నాలుగున గుర్రపుడెక్క తీసే తెప్ప తిరగబడింది. కేక వినగానే మీరు ఈ పడవ తీశారు. చెరువు మధ్యలో ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. అంతేనా?"

"అంతేనండి."

"మొగిలి గారు, మీ ఫిర్యాదు ఏమిటంటే, ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. డ్రైవర్ కావాలనే ఆలస్యం చేశాడు. ఆ తెప్ప మీద పనిచేస్తున్న మీ భార్య కనకలక్ష్మి గారు అందుకే మునిగిపోయారు."

"అవు. మళ్ల మళ్ల చదువుడెందుకు? చదివితె లేచొస్తదా?"

"చదవాలి. పోలీసులు ఆ సాయంత్రమే పడవకి సీల్ వేశారు. ఇవాళ నా ముందు తీశారు. ఆ రోజు ఉన్న ఇంజనే ఇది. ఇద్దరూ ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటానండి."

"నేను గూడ. ఏప్రిల్‌ల మొత్తం ఇప్పి బిగించింది నేనే. నా తర్వాత దీని మీద ఇంకొకని చెయ్యి పడలే. ఇగో, ఇదొక్కటి తప్ప. జర ఇటు రాండ్రి మేడం."

"ఏమిటది?"

"బజర్ వైరు. ఇంజన్ కాగితె మొత్తుకునేది ఇదే. కోసి, టేపు చుట్టి, ఎనకకు దోపిండు. దొంగ పని. అడుగుండ్రి ఎవడు కోసిండో."

"సాల్మన్?"

"నేనేనండి."

"విన్నరా? వాని నోటితోనే ఒప్పుకున్నడు. రాసుకోండ్రి."

"రాస్తాను. ఎందుకు కోశారు?"

"మే నెలలో అండి. ఆఫీసు పార్టీలు, పుట్టినరోజులు, రోజుకి నాలుగు ట్రిప్పులు తిప్పేవాళ్లం. కాస్త వేగం పెంచితే చాలు, కీమని మోగేది. పిల్లలు ఏడ్చేవారు. కేకు కోసేవాళ్లు నన్ను తిట్టేవారు. సూపర్వైజర్ వేణు గారు దాని నోరు మూయించు అన్నారు. మూయించాను. తప్పే."

"మోగుతోందని ఎవరికైనా చెప్పారా?"

"చెప్పానండి."

"ఎవరికి?"

"ఈయనకే. మదీనాగూడలో ఇంటికెళ్లి మరీ చెప్పాను. కనకలక్ష్మి పిన్ని టీ ఇచ్చింది, ఈయన స్కూటర్ తుడుచుకుంటున్నారు."

"నిజమేనా మొగిలి గారు?"

"నాకు యాదికి లేదు."

"నాకుందండి. 'నీ పని తోలుడు, తోలు. ఇంజన్ నేను బిగించింది, అది కాగదు. బజరే ఖరాబైంది' అన్నారు."

"అన్ననేమో! బజర్ ఖరాబైందన్న. వైరు కొయ్యమన్ననా?"

"మీరు బజర్ చెడిపోయిందంటేనే కదండీ నేను కోసింది!"

"గట్టిగ మాట్లాడకు. ఆరు నెలల నుంచి నేను మాట్లాడలే గట్టిగ."

"నేను మాత్రం మాట్లాడానా? లైసెన్సు పోయింది. కొండాపూర్‌లో మెట్లెక్కి పార్సిళ్లు ఇస్తున్నా. వాయిదా ఉన్న రోజు అదీ లేదు. కేసు నిలబడితే రెండేళ్లంటున్నాడు వకీలు."

"రెండేండ్లేనా?"

"మొగిలి గారు, చాలు. ఇప్పుడు పూర్తి వేగం పెట్టి చూద్దాం."

"కట్టేసిన పడవకా? తాళ్లు తెగుతయ్ మేడం."

"తెగవు, కొత్తవే తెప్పించాను. సాల్మన్, ఆ రోజు ఎంత వేగంతో వెళ్లారు?"

"మనిషి మునిగిపోతుంటే నెమ్మదిగా వెళ్తానా అండి? ఉన్నదంతా పెట్టేశా. అప్పుడే పార్టీవాళ్లని దించి వచ్చాను, ఇంజన్ వేడి మీదే ఉంది."

"సరే. పెట్టండి. మొగిలి గారు, మీరు ముల్లు చూసి చెబుతూ ఉండండి. నేను టైము చూస్తాను."

"పెట్టమను. ఏం కాదు."

"పెట్టానండి!"

"ఒక నిమిషం."

"డెబ్బై. డెబ్బై అంటె ఏం లేదు మేడం. బరువు మీద గంతుంటది."

"మొగిలి గారూ, ఒక మాట చెప్పనా?"

"చెప్పకు."

"తెప్ప ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ వేసుకో పిన్నీ అని రోజూ చెప్పేవాణ్ణి. చంకల్లో ఒరుసుకుంటోంది, పని సాగట్లేదు అనేది. 'మా ఆయన బాగు చేసిన పడవ ఉండంగ నాకేం భయంరా' అని నవ్వేది."

"ఆమె ముచ్చట నువ్వు తియ్యకు. నీ నోట్ల ఆమె పేరు రావొద్దు."

"రెండు నిమిషాలు. ముల్లు ఎక్కడుంది?"

"ఎనభై. ఈ మేడలల్లకెళ్లి ఎంతమంది జూసిండ్రో ఎరికేనా మేడం? అద్దాలకు ముక్కులు ఆనిచ్చి జూసిండ్రు. ఫోన్లల్ల తీసిండ్రు. ఆమె చెయ్యి ఊపుతున్నది, అండ్ల కనవడ్తది. వీని పడవ నడుమ నిలవడి ఉన్నది, అది గూడ కనవడ్తది. నేను వంద సార్లు జూసిన."

"అందులో నేను దూకింది కూడా కనబడుతుంది కదండీ?"

"ఎప్పుడు దూకినవ్? ఆమె చెయ్యి ఆగినంక."

"ఇంజన్ మళ్లీ అందుకుంటుందేమోనని రెండుసార్లు తాళం తిప్పాను. అందుకోలేదు. అప్పుడు దూకాను. గుర్రపుడెక్క కాళ్లకి చుట్టుకుంది. నిజాంపట్నంలో సముద్రంలో ఈదినవాణ్ణి, ఈ చెరువులో ఈదలేకపోయా."

"మూడు నిమిషాలు. మొగిలి గారు? ముల్లు?"

"తొంభై."

"పెరుగుతోంది కదా?"

"జర పెరుగుతది. మళ్ల దిగుతది."

"నాలుగు."

"ఆగుండ్రి, చెప్త."

"మొగిలి గారూ, ఎంత?"

"తొంభై ఎనిమిది."

"దిగిందా అండీ?"

"నువ్వు నోరు మూసుకో. ముల్లు గూడ ఖరాబైందేమో..."

"ఆవిరి వస్తోంది. అయిదు నిమిషాలు కాలేదు. సాల్మన్..."

"బంద్ చెయ్! బంద్ చెయ్‌రా, ఇంజన్ హెడ్ లేస్తది! తియ్ చెయ్యి!"

"చేశానండి. చేశాను."

"నూట నాలుగు అని రాస్తున్నాను. ఇంజన్ వేడెక్కుతోంది మొగిలి గారు. కనబడుతోంది కదా?"

"నాకు కండ్లున్నయ్."

"ఎందుకు వేడెక్కిందో చెప్పండి మరి. ఈ ఇంజన్ గురించి మీకంటే తెలిసినవాళ్లు లేరు కదా."

"ఎందుకంటె... చెత్త అడ్డం పడి ఉంటది. ఈ చెరువుల ఏముంటది? కవర్లు, ప్లేట్లు, తాగి పారేసిన డబ్బాలు. నీళ్లు గుంజే కాడ జల్లెడ ఉంటది. ఇప్పు దాన్ని."

"పొద్దున మీరే కదండీ కడిగింది. ఇదిగో, అద్దంలా ఉంది."

"బెల్ట్ లూజుంటది."

"నొక్కి చూడండి. బిగువుగానే ఉంది."

"పంపుల రబ్బరు రెక్కలు తెగి ఉంటయ్. మూత ఇప్పు. ఆరుండాలె."

"ఒకటి, రెండు, మూడు... ఆరూ ఉన్నాయి. మీరూ లెక్కపెట్టుకోండి."

"కనవడ్తున్నయ్. మేడం, ఎనక గొట్టం నుంచి నీళ్లు పడ్డయా, పడలేదా? మీరు అటే ఉన్నరు గద."

"ధారగా పడ్డాయి. చెయ్యి పెట్టి చూశాను కూడా."

"కాలిందా?"

"లేదు. గోరువెచ్చగా, అంతే."

"గోరువెచ్చగనా? గట్లెట్లుంటది మేడం! ఇంజన్ నూరు దాటితె బయటకొచ్చే నీళ్లు సలసల కాగుతుండాలె. చెరువు నీళ్లు వస్తున్నయ్, పోతున్నయ్. ఇంజన్ వేడి వాటికి అందుతలేదు."

"లోపల తిరిగే నీళ్లు వేరే కదా?"

"వేరే. మనం పోసేటివి. అవి ఇంజన్‌ల కాగి, ఈ పెద్ద గొట్టంల నుంచి ఆ పెట్టెలకు పోతయ్. పెట్టెల చెరువు నీళ్ల పక్కపొంటి పారి, సల్లవడి, మళ్ల ఇంజన్‌లకు వస్తయ్. గంతే పని."

"అయితే ఆ పెద్ద గొట్టం ఇప్పుడు కాలిపోతుండాలి."

"కాలిపోతుండాలె."

"పట్టుకుని చూడండి. గుడ్డతో పట్టుకోండి."

"గుడ్డ వద్దు."

"అలా చెయ్యి పెట్టేసి ఉంచారేంటండీ? కాలట్లేదా?"

"కాలుతలేదు."

"అంటే?"

"సల్లగుంది."

"నీళ్లు ఇటు రావడమే లేదన్నమాట! మేడం, మరి థర్మోస్టాటేనండి! ఇక్కడ, ఈ గుండ్రటి మూత కింద, చిన్న వాల్వు ఉంటుంది. నీళ్లు కాగగానే తలుపులా తెరుచుకోవాలి. అది పట్టేసి ఉంటుంది. రాసుకోండి మేడం, వాల్వు పట్టేసింది. నా తప్పు కాదు. ఈయన తప్పూ కాదండి, ఎవరి తప్పూ కాదు. వస్తువు, చెడిపోయింది."

"చూడకుండా ఎలా రాస్తాను? మొగిలి గారు, మూత విప్పండి."

"ఇయ్యాల్టికి సాలు మేడం. ఇంజన్ కాగి ఉన్నది. రేపు చూద్దాం."

"రెండు బోల్టులే కదా?"

"తుప్పు పట్టినయ్. ఇరుగుతయ్."

"తుప్పేదండీ? నిగనిగలాడుతున్నాయి."

"గీ పానా వీటికి పట్టదు."

"పానా నాకివ్వండి. నేను విప్పుతా."

"నువ్వు ముట్టకు!"

"ఎందుకండీ? ఆరు నెలల నుంచి నేను ఇదే కదా మొత్తుకుంటోంది, విప్పి చూడండని!"

"మొగిలి గారు, పానా అతనికివ్వండి. ఇవ్వండి."

"ఇగో. తీసుకో."

"ఒకటి వచ్చింది... రెండోది కూడా. మూత తీస్తున్నానండి. మేడం..."

"పట్టేసిందా?"

"లేదండి."

"మరి బాగానే ఉందా?"

"అసలు లేదండి. వాల్వే లేదు. ఖాళీ."

"విరిగి లోపల పడిందేమో?"

"విరిగితే ముక్కలుంటాయి కదండీ. గాడి శుభ్రంగా ఉంది. మూత చుట్టూ కొత్త గమ్ము కూడా రాసి ఉంది. ఎవరో తీసేసి, మూత బిగించారు."

"నాకొకటి అర్థం కావట్లేదు. తలుపే లేకపోతే నీళ్లు ఇంకా బాగా పారాలి కదా? వేడెందుకెక్కింది? మొగిలి గారు, మీరు చెప్పండి."

"మేము గూడ గట్లనే అనుకుంటం మేడం. ట్రాక్టరు గానీ, లారీ గానీ, మన ఎండలకు ఈ వాల్వు ఎందుకు, చలి దేశపోళ్లకు గావాలె గనీ. ఎండాకాలం వస్తె పీకి పారేస్తం. మా ఉస్తాద్ చేసిండు, నేను చేసిన. నలభై ఏండ్లు. ఒక్క బండి ఎనకకు రాలే."

"మరి ఇది?"

"దీనికి దారులు రెండు. వాల్వు తెరిస్తె పెట్టెలకు పోయే పెద్ద దారి తెరుసుకుంటది, అప్పుడే దాని అడుగు పోయి చిన్న దారిని మూస్తది. వాల్వు లేకుంటె చిన్న దారిని మూసేటందుకు ఏమీ లేదు. నీళ్లు దగ్గరి దారి పడతయ్. ఇంజన్‌ల నుంచి ఇంజన్‌లకే తిరుగుతయ్, సల్లవడవు. మెల్లగ తోలితె ఏం తెల్వది. ఒడ్డున కట్టేసి అరగంట నడిపితె గూడ తెల్వది. ఉరికిస్తెనే తెలుస్తది."

"ఇదంతా మీకు ముందే తెలుసా?"

"ఇంతకు ముందు తెల్వది. గొట్టం పట్టుకున్నంక తెలిసింది."

"బాబాయ్..."

"ఊకో."

"మేడం, ఒక్క మాటండి. ఇది ఎప్పటి నుంచి లేదో ఎవరికి తెలుసు? కొన్నప్పుడే లేదేమో. ఎవరు తీశారో తెలియలేదని రాయండి. నేను బయటపడతాను. ఇంకెవరూ పడక్కర్లేదు."

"నాకు ఎవరూ చెప్పకపోతే తెలియలేదనే రాస్తాను సాల్మన్. నేను ఊహించి రాయలేను."

"అలాగే రాసెయ్యండి. ఈయన కూడా కాదనరు. అనరు కదా బాబాయ్?"

"నీ పెండ్లాం పేరేంది?"

"ఎస్తేరండి. ఎందుకు?"

"మొన్న దసరా ముందు మా ఇంటికి వచ్చింది. కడుపుతోని ఉన్నది. కేసు వాపసు తీసుకోమని గడప ముందట నిలవడ్డది. గంటసేపు నిలవడ్డది. కూసోమనలే. నీళ్లియ్యలే. మొహం మీద తలుపేసిన."

"చెప్పిందండి. పోనీలెండి."

"పోనియ్యకు. పోనీలెండి అనకు నాతోని. నేను ఎవల్నీ ఇడిచిపెట్టేటోన్ని గాదు, నన్ను ఎవలూ ఇడిచిపెట్టేది లేదు. మేడం, ఆ కాయితంల ఏమడిగిండ్రు?"

"లోపానికి కారణమైన వ్యక్తి పేరు. తండ్రి పేరు. ఆ తర్వాత... వద్దులెండి, అది అవసరం లేదు."

"చదువుండ్రి."

"మరణించిన వ్యక్తితో బంధుత్వం ఏమైనా ఉంటే, అది."

"మొగిలి. తండ్రి పెద్దన్న. బంధుత్వం, మొగడు."