ఎత్తిపట్టిన ఫోను

తొంభై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం. సిద్దిపేటలోని విత్తనాల కంపెనీ ఆఫీసులో లెక్కలు చూసే స్వరాజ్యం ఫోన్ రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఎదురుగా కంప్యూటర్లు చూసే యాదగిరి చెమటలు తుడుచుకుంటున్నాడు.

“సుగుణ మన గోదాంలనే ఉంటది. ఆమెకు పంపిన మెయిల్ బయటికెట్ల పోతది తమ్మీ?”

“నిన్న అందరికి మెయిల్‌బాక్సులు పెట్టిన గని, గోదామోళ్లవి మర్చిపోయినక్కా. లోపల పేరు దొరకని మెయిలన్నీ హైదరాబాద్‌ల మన కంపెనీ సేటుకు పోవాలని సర్వర్‌కు చెప్పింది గూడ నేనే.”

స్వరాజ్యం చేతిలోని రిసీవర్ వైపు చూసింది. “పోయిందా?”

“ఇంకా పోలే. ఫోన్ లైన్ ఖాళీ అయితేనే మోడెం డయల్ చేస్తది. నువ్వు రిసీవర్ ఎత్తి పట్టుకున్నంతసేపు పోదు. ఇంతకు ఏం రాసినవక్కా?”

“కొత్త సంచులల్ల నిరుటి పత్తి విత్తనాలు కలుపుతున్నరు, రాయపోల్ రైతులకు చెప్పుదామని రాసిన.”

“అవ్వో!”

“దాన్ని తీసెయ్యి తమ్మీ, నీకు దండం పెడ్త.”

“సర్వర్ మేనేజర్ సారు రూముల ఉన్నది, తాళమేసుకొని బువ్వకు పోయిండు. తాళం తీసినంక సుగుణక్క పేరు ఎక్కిస్తే మెయిల్ మళ్ల లోపలికే వస్తది. అప్పటిదాక ఫోన్ మాత్రం పెట్టకు.”

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆఫీసు ఫోన్ ముట్టుకుందని పోయిన నెల పద్మమ్మను పనిలోంచి తీసేసిన మేనేజర్ లోపలికి వచ్చాడు. ఆయన్ను చూడగానే స్వరాజ్యం చెయ్యి దానంతటదే రిసీవర్‌ను పెట్టేసింది.

తాళం వేసిన గదిలో మోడెం కీచుమని అరిచింది.

“గట్ల బెదురుతవేందమ్మా? మెయిల్ పోతున్నది, గంతే,” అన్నాడు మేనేజర్.